ముప్పై రెండు జతలు

సెప్టెంబరు 2, సోమవారం

ఇవాళ ఉద్యోగంలో చేరాను. అమలాపురం బస్టాండు వెనక ఒక గది, ఒక స్కానరు, ఒక లాప్‌టాపు, గోడ వారగా వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక బల్ల. గల్ఫ్‌కి పనికి వెళ్ళే ఆడవాళ్ళు బయలుదేరే ముందు ఇక్కడికి వచ్చి పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం కాగితం ఇస్తారు. నేను వాటిని స్కాన్ చేసి మలికిపురంలో మాణిక్యాలరావు గారింట్లో ఉన్న సర్వర్‌కి పంపాలి. అక్కడ ఎవరైనా పాస్‌పోర్టు లాగేసుకుంటే ఇక్కడ నకలైనా ఉంటుంది. ఆయన చెల్లెలు ఒకప్పుడు నకలు లేక పదకొండు నెలలు ఆలస్యంగా ఇంటికి వచ్చిందట. ఆ ఒక్క మాటా చెప్పి ఊరుకున్నారు. నేను అడగలేదు.

ఆయన్ని బాబాయ్ గారూ అని పిలవమన్నారు. తాటిపాకలో గ్యాసు మీటర్లు చూసే పని చేసి రిటైరయ్యారు. సర్వర్‌ని పెట్టె అంటారు.

మొదటిసారి కనెక్ట్ చేయగానే తెర నిండా ఎర్రటి పేజీ వచ్చింది. ఇది నమ్మదగిన చోటు కాకపోవచ్చు, వెనక్కి వెళ్ళండి అని. భయపడి ఫోన్ చేశాను. ఆయన నవ్వారు.

"రావాలమ్మా. బ్యాంకులూ అవీ అయితే, మేం అసలువాళ్ళమేనని ఇంకో కంపెనీ చేత సంతకం పెట్టించుకుంటాయి. మన పెట్టె సర్టిఫికెట్టు మీద సంతకం నాదే. నేను మంచోణ్ణని నేనే చెప్పుకోడం. నీ లాప్‌టాపుకి అనుమానం రాకపోతే ఎలా?"

దానికో మార్గం ఉంది. ప్రతి సర్టిఫికెట్టుకీ ఒక వేలిముద్ర ఉంటుంది. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి, రెండేసి చొప్పున ముప్పై రెండు జతలు. మరో పెట్టెకి అదే ముద్ర ఉండదు. ఆయన తన పుస్తకంలో రాసుకున్నది ఫోన్లో చదువుతారు. నేను నా తెర మీదిది చూసుకుంటూ ప్రతి జతకీ, అవునంటూ, ఆయ్ అనాలి. అన్నీ సరిపోతే నమ్ముతున్నానని నొక్కాలి. ఆ తర్వాత లాప్‌టాపు గుర్తుపెట్టుకుంటుంది, ఎర్ర పేజీ రాదు.

"మళ్ళీ వచ్చిందంటే అవతల ఉన్నది మన పెట్టె కాకపోవచ్చు. పాస్‌వర్డ్ కొట్టకు. నాకు గానీ ఇంటికి గానీ ఫోన్ చెయ్యి" అన్నారు. రెండు నంబర్లూ అట్ట మీద రాసి గోడకి అంటించాను.

ఆయన చదివారు. నేను ఆయ్ అండీ, ఆయ్ అండీ అన్నాను. సరిపోయింది.

సెప్టెంబరు 3

ఎర్ర పేజీ రాలేదు. నిన్న సరిపోయింది కాబట్టే రాలేదు.

సెప్టెంబరు 19

ఓడలరేవు నుంచి సత్యదుర్గ అనే ఆమె వచ్చింది, తల్లి వీరాయమ్మని వెంటబెట్టుకుని. కువైట్‌లో ఇంటిపని. నాకంటే ఏడాది పెద్దదేమో. నా లాప్‌టాపు పక్కనున్న లైబ్రరీ పుస్తకం తీసి మూడు పేజీలు తిప్పి, ఇందులో ఎవరైనా నవ్వుతారాండీ అని అడిగింది. చివర్లో అన్నాను. అప్పటిదాకా ఎవరుంటారండీ బాబూ అంది. నవ్వొచ్చింది. ఈ గదిలో నేను నవ్వడం అదే మొదటిసారి.

కాగితాలన్నీ పంపాక అడిగింది. "ఇయ్యి ఇంకెవరికీ కనపడవు కదండీ? ఏజెంట్లకీ ఆళ్ళకీ?"

"ఆయ్ అండీ, కనపడవు" అన్నాను.

వెళ్తూ వెళ్తూ, మీరు మాట్లాడితే బాగానే ఉంటదండీ, మరెందుకు దాచుకుంటారు అంది.

అక్టోబరు 8

వాన. ఎవరూ రాలేదు.

నవంబరు 30

లాప్‌టాపులో ఆ సర్టిఫికెట్టు ఎక్కడ దాచి ఉంటుందో ఇవాళ కనిపించింది. వేలిముద్ర మొత్తం అక్కడే ఉంది. బాబాయ్ గారిని ఇంకోసారి చదవమంటే చదువుతారు. ఆయనకి ఈ మధ్య ఆయాసంగా ఉంటోంది. ఇబ్బంది పెట్టడం ఎందుకని మూసేశాను. సరిపోయినదాన్ని మళ్ళీ చూడడమెందుకు.

జనవరి 17

లైబ్రరీ పుస్తకం తిరిగి ఇచ్చేశాను. ఎలా ఉందమ్మా అని లైబ్రేరియన్ అడిగారు. బాగుందండి అన్నాను. మధ్యలో ఒక అధ్యాయం చదవలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

తొమ్మిదింటికి వీరాయమ్మ గారు ఒక్కరే వచ్చారు. సత్యదుర్గ అయిదు రోజుల క్రితం తను పనిచేసే ఇంట్లోంచి బయటపడి మన ఎంబసీ వాళ్ళు ఆడవాళ్ళకి నీడ ఇచ్చే చోటికి చేరిందట. పాస్‌పోర్టు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఒప్పందం కూడా. కుడిచెయ్యి కాలిందట. ఎలా కాలిందో తల్లికి చెప్పలేదట.

ఇంటికి రావాలంటే పాస్‌పోర్టు బదులు ఔట్‌పాస్ కావాలి. అది ఇవ్వడానికి పాస్‌పోర్టు, వీసా నకళ్ళు అడుగుతున్నారు. గురువారం మధ్యాహ్నంలోగా అందితే ఇంటికి పంపే ఈ విడతలో పేరు ఎక్కుతుంది. లేకపోతే మళ్ళీ విడత ఎప్పుడో తెలియదు.

రెండు నిమిషాల పని. కూర్చోండి అన్నాను. లాప్‌టాపు తెరిచాను.

ఎర్ర పేజీ.

అయిదు నెలల తర్వాత. మొదట నాకు సత్యదుర్గ చెయ్యి గుర్తు రాలేదు. సెప్టెంబరు 2 గుర్తొచ్చింది.

బాబాయ్ గారి ఫోన్ స్విచాఫ్‌లో ఉంది. నాలుగుసార్లు చేశాను. గోడ మీద రెండో నంబరు ఇంటిది. అక్కడ వాళ్ళావిడ ఉంటారు. నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆవిడకి ఇవన్నీ ఏం తెలుస్తాయి.

వీరాయమ్మ గారితో, కరెంటు లేదండి, రేపు రండి అన్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆవిడ ఫ్యాను వంక చూసి, "ఆయ్ అమ్మాయిగారూ" అని లేచి వెళ్ళిపోయారు.

సాయంత్రం బాబాయ్ గారి మేనల్లుడు రాజేంద్ర మెసేజ్ పెట్టాడు. మామయ్యకి రాజమండ్రిలో గుండెకి స్టెంటు వేశారు, ఐసీయూలో ఉన్నారు, రెండు మూడు రోజులు మాట్లాడించకూడదన్నారు అని.

ఫిబ్రవరి 11

నేను వచ్చేసరికే వీరాయమ్మ గారు మెట్ల మీద ఉన్నారు. క్యారేజీ తెచ్చుకున్నారు.

కేబులూ నెట్టూ ఇచ్చే కొండబాబుని పిలిపించాను. లైను పాడై ఇలా వస్తోందేమో చూడమన్నాను. అతను తెర చూసి చెయ్యి ఊపేశాడు.

"ఓస్, ఇదేనాండీ. ఇది అందరికీ వత్తదండి. కింద చిన్న అచ్చరాల్తో అడ్వాన్సుడు అని ఉంటది సూడండి, అది నొక్కేత్తే ఎల్లిపోద్దండి. ఎర్రగా కనపడితే ఆగిపోడానికి మన కోనసీమలో రైలుగేటు కూడా లేదు కదండీ."

వీరాయమ్మ గారికి అర్థమైంది, అడ్డుగా ఉన్నది ఒక్క నొక్కు మాత్రమేనని. బల్ల మీంచి లేచి వచ్చి నా పక్కన నిలబడ్డారు. నొక్కండమ్మా అన్నారు. బతిమాలినట్టు కాదు, మామూలుగా అన్నారు.

బాణం గుర్తు అక్కడిదాకా తీసుకెళ్ళాను. నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. అవతల ఉన్నది బాబాయ్ గారి పెట్టె కాకపోతే, దాన్ని చేజేతులా ఎవరికో ఇచ్చినట్టే. దాంతో వాళ్ళు అసలు పెట్టె తెరుస్తారు. అదే చెప్పాను, నాకు చేతనైనంత వరకు. లోపల రెండు వందల పద్నాలుగు మంది పాస్‌పోర్టులు ఉన్నాయండి అన్నాను.

"ఆళ్ళందరూ మీకేవవుతారమ్మా?"

"మీ అమ్మాయి కూడా అందులోనే ఉందండి."

ఆవిడ మళ్ళీ వెళ్ళి బల్ల మీద కూర్చున్నారు. కొండబాబు, మీ ఇట్టవండీ అని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ విప్పి నాకూ పెట్టారు. చేపల పులుసు.

ఇది రాయాలి.

సెప్టెంబరు 2న ఇదే బల్ల మీద ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని నన్నే చూస్తున్నారు. బాబాయ్ గారు చదువుతున్నారు. మొదటి నాలుగు జతలూ చూశాను, సరిపోయాయి. అయిదో దాని దగ్గర ఒకావిడ, ఏంటండీ ఆ లెక్కలు అని అడిగింది. తలెత్తాను. మళ్ళీ చూసేసరికి వరస తప్పింది. ఆయన ముందుకి వెళ్ళిపోతున్నారు. ఆగండి, మళ్ళీ చదవండి అంటే సరిపోయేది. నోరు రాలేదు. ఆయ్ అండీ అన్నాను. ఆ తర్వాత దానికీ ఆయ్ అండీ. చివరి నాలుగూ కుడి చివర కనిపించాయి, వాటిని పట్టుకున్నాను. మధ్యలో ఇరవై నాలుగు.

కాన్వెంట్‌లో పాఠం గట్టిగా చదవమన్నప్పుడు కూడా ఇంతే. అందరూ చూస్తుంటే వరసలు దాటేసేదాన్ని. సిస్టర్ ఎప్పుడూ పట్టుకోలేదు. గుడ్ అని కూర్చోమనేవారు.

ఇప్పుడు వచ్చిన ఎర్ర పేజీ ఇప్పటి పెట్టె గురించి. నా భయం అది కాదు. అయిదు నెలలుగా నేను ఎవరికి పంపుతున్నాను?

ఫిబ్రవరి 12, బుధవారం

పొద్దున్న గది తాళం తీయలేదు. లాప్‌టాపు సంచిలో పెట్టుకుని బస్టాండుకి వెళ్ళాను. వీరాయమ్మ గారు ఎదురొచ్చారు. మలికిపురం వెళ్తున్నానండి, ఆ పెట్టె దగ్గరికే వెళ్ళి చూస్తాను అన్నాను. నేనూ వత్తాను పదండి అన్నారు. వద్దనాలని ఉంది. ఏ మొహంతో అంటాను.

బోడసకుర్రు వంతెన దాటాక ఆవిడ చెప్పారు, సత్యదుర్గ చిన్నప్పుడు, వంతెన లేని రోజుల్లో, ఇక్కడ పంటు మీద గోదావరి దాటుతూ చెప్పు నీళ్ళలో పడేసుకుందట, ఇంటికెళ్ళేదాకా రెండో చెప్పు వదల్లేదట. రాజోలులో బస్సు మారాం. అక్కడ ఆవిడ నాకు జామకాయ కొనిపెట్టారు. తినలేకపోయాను.

మలికిపురంలో ఇల్లు సులువుగానే దొరికింది. ఎదురుగా కొబ్బరికాయల లారీకి లోడు ఎత్తుతున్నారు. మోకాళ్ళకి గుడ్డలు కట్టుకున్న పెద్దావిడ ల్యాండ్‌లైను పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. బాబాయ్ గారి భార్య, అచ్చమ్మ గారు. నా పేరు చెప్పేలోపే, నువ్వు ప్రశాంతివి కదూ అన్నారు.

"ఎర్ర పేజీ వచ్చిందా?"

ఆయ్ అండీ అన్నాను.

"మరి ఫోన్ చెయ్యవేంటమ్మా? రెండ్రోజుల్నుంచీ ఈ కుర్చీలోనే ఉన్నాను. ఒళ్ళోనే పుస్తకం."

ఆరు నెలల గడువు అయిపోవస్తోందని బాబాయ్ గారు శనివారమే పెట్టెకి కొత్త సర్టిఫికెట్టు పెట్టారట. వేలిముద్ర పుస్తకంలో రాశారట. సోమవారం నాకు చెబుదామనుకున్నారు. ఆదివారం పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ పుస్తకం ఆవిడ చేతికిచ్చి, అమ్మాయి ఫోన్ చేస్తే చదివిపెట్టు అన్నారట. మీరైనా చేయవలసింది కదండీ అని నెమ్మదిగా అన్నాను.

"మనం చెయ్యకూడదంటమ్మా. ఎవరికి పేజీ వస్తే వాళ్ళే ఈ నంబరుకి చెయ్యాలంట. తనంతట తను ఫోన్ చేసి అంకెలు చెప్పేవాణ్ణి నమ్మొద్దని ఆయన రూలు."

గోడ మీద రెండో నంబరు. రెండు రోజులు దాని కిందే కూర్చున్నాను.

ఇంగ్లీషు మీకు వచ్చాండీ అని అడిగాను. అడిగాక సిగ్గేసింది.

"ఆరు అచ్చరాలు వచ్చమ్మా. ఏ నుంచి ఎఫ్ దాకా. ఆ పైవి ఈ పెట్టెకి అక్కర్లేదంట, నేనూ నేర్చుకోలేదు."

లాప్‌టాపు తెరిచి పెట్టెకి కలిపాను. ఎర్ర పేజీ వచ్చింది. దాని వెనక ఉన్న వేలిముద్ర తీశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. ఆయ్ అన్నాను. రెండోది చదివారు. ఆయ్ అన్నాను. ఆవిడ ఆగిపోయారు.

"ఆయ్ అనకమ్మా. నేను చదివింది నువ్వు తిరిగి చదువు. మన వైపు దేనికైనా ఆయ్ అనేత్తారు. పెళ్ళిచూపుల్లో నేనూ ఆయ్ అనే అన్నాను, ఈయన మొహం చూడకుండా."

వీరాయమ్మ గారు నవ్వారు. మూడు రోజుల్లో మొదటిసారి.

ఆవిడ చదివారు, నేను తిరిగి చదివాను. ముప్పై రెండూ సరిపోయాయి. అప్పుడు నొక్కాను. సత్యదుర్గ పేరు మీద ఉన్నవి తెరిచాను. పాస్‌పోర్టులో ఫొటో. వీరాయమ్మ గారు చీరచెంగుతో చెయ్యి తుడుచుకుని తెరని ముట్టుకున్నారు. పన్నెండూ పదికి ఎంబసీ వాళ్ళిచ్చిన చిరునామాకి రెండు నకళ్ళూ వెళ్ళిపోయాయి.

అక్కడితో లేచి వచ్చేయవచ్చు. అచ్చమ్మ గారు మజ్జిగ కూడా ఇచ్చారు. పాతది లాప్‌టాపులో ఇంకా దాచే ఉంది, పాతది ఆ పుస్తకంలో కూడా ఉంటుంది. అడగకపోతే ఎవరికీ తెలియదు.

"పాతది కూడా చదవండి పిన్నిగారూ" అన్నాను.

"అది అప్పుడే చూసేరు కదమ్మా మీరిద్దరూ."

"నేను ఎనిమిదే చూశానండి."

ఆవిడ కళ్ళజోడు తీసేశారు. "మిగతా ఇరవై నాలుగు?"

"ఆయ్ అన్నానండి."

వీరాయమ్మ గారు నా వంక చూశారని తెలుస్తోంది. తలెత్తలేదు. ఎదురుగా లారీలోకి కాయలు పడుతున్నాయి. అచ్చమ్మ గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని పేజీ వెనక్కి తిప్పారు. వేలు పెట్టి చదివారు. నేను తిరిగి చదివాను. నా గొంతు ఆ గది దాటి వీధిలోకి కూడా వినిపించి ఉంటుంది.

పంతొమ్మిదో జత దగ్గర ఆవిడ, ఎనిమిది డి అన్నారు. నా తెర మీద బి డి.

బి డి అండి అన్నాను. ఆవిడ పుస్తకం కిటికీ వైపు ఎత్తి చూశారు. "బి యేనమ్మా. ఆయన బి గుండ్రంగా రాసేత్తారు" అన్నారు. అలా అనేస్తే సులువు. పుస్తకం ఇవ్వండి అని తీసుకున్నాను. అదే పేజీలో మిగతా బి లు వెతికాను, ఎనిమిదులు వెతికాను. ఆయన ఎనిమిదికి పైన చిన్న సందు ఉంటుంది, ఎప్పుడూ కలవదు. దీనికి సందు లేదు. ఎడమ పక్కన నిలువు గీత ఉంది. బి. మళ్ళీ ఒకసారి చూశాను. బి నే. తర్వాతది చదవండి పిన్నిగారూ అన్నాను.

ముప్పై రెండూ సరిపోయాయి.

"అయితే మా పిల్ల కాయితాలు ఎవరి చేతిలోనూ పడలేదా అమ్మా?" అన్నారు వీరాయమ్మ గారు.

"పడలేదండి. ఇప్పుడు తెలుసు. ఆ రోజు మీ అమ్మాయి అడిగినప్పుడు తెలియదు. తెలిసినట్టు చెప్పాను."

"ఫ్యాను తిరుగుతుంటేనే అనుకున్నాను, ఏదో ఉందని" అన్నారు ఆవిడ.

తిరుగు బస్సులో ఆవిడ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. వంతెన వచ్చినప్పుడు లేపలేదు.

ఫిబ్రవరి 13

అందాయట. పేరు ఎక్కింది.

ఫిబ్రవరి 21

బాబాయ్ గారు ఇంటికి వచ్చేశారు. ఇవాళ ఫోన్ చేశారు. గొంతు సన్నగా ఉంది. అచ్చమ్మ గారు చెప్పేసి ఉంటారనుకున్నాను. చెప్పలేదట. నువ్వే చెప్తావని చెప్పిందమ్మా, ఏంటది అన్నారు.

చెప్పాను. సెప్టెంబరు 2న మీరు చదివిన ముప్పై రెండింట్లో ఎనిమిదే చూశానండి, మిగతావాటికి చూడకుండా ఆయ్ అన్నానండి, ఆ మీదట అయిదు నెలలు అందరి కాగితాలూ పంపానండి. అంతా ఒక్క గుక్కలో చెప్పి ఆగాను.

అటు మంచం కిర్రుమంది, లేచి కూర్చున్నట్టున్నారు.

"తర్వాతేమైనా చూసేవా?" అన్నారు.

"మొన్న మీ ఇంట్లో పిన్నిగారు చదివేరండి. అన్నీ సరిపోయాయండి."

"తల్లీ, స్టెంటు వేసి రెండు వారాలు కాలేదు. సరిపోయిందన్నది ముందు చెప్పి, తప్పు తర్వాత చెప్పకూడదా?"

నవ్వుతున్నారో కోప్పడుతున్నారో తెలియలేదు. రెండూ అయి ఉంటాయి. నాదీ ఉందమ్మా తప్పు అన్నారు. నలభై ఏళ్ళు మీటర్లు చూసినవాణ్ణి, అవతలివాళ్ళు రీడింగు చెప్పకుండా ఆయ్ అంటే ఎప్పుడూ రాసుకోలేదు, నీ దగ్గర రాసుకున్నాను అన్నారు. ఇక మీదట తిరిగి చదవడమేనట, అచ్చమ్మ గారి పద్ధతే. రేపటి నుంచి గదికి రావచ్చా అని నేను అడిగాను. "రాకపోతే బల్ల మీద కూచున్నవాళ్ళకి ఎవరు చెప్తారు?" అన్నారు.

సత్యదుర్గ మార్చి మొదటి వారంలో వస్తుందని వీరాయమ్మ గారు కబురు చేశారు. వచ్చాక ఆమెకీ చెప్పాలి.

ఇందాక ఈ డైరీ మొదటి పేజీ తీశాను. 'సరిపోయింది' అన్న మాట కొట్టేశాను. దాని మీద 'ఎనిమిది జతలు సరిపోయాయి, ఇరవై నాలుగు చూడలేదు' అని రాశాను. పక్కన ఇవాళ్టి తారీఖు వేసి సంతకం పెట్టాను. ఈ పుస్తకం ఇంకెవరూ చూడరు. అయినా గట్టిగా చదువుకున్నాను, ఒక్క మాట కూడా దాటకుండా.